5జీ బీమ్‌కు దారి చూపేది మీ ఫోనే

విజయనగరం గంటస్తంభం దగ్గరో, శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో ఏదైనా మేడ మీది సెల్ టవర్‌ను ఓసారి తలెత్తి చూడండి. రెండు రకాల పెట్టెలు కనిపిస్తాయి. సన్నగా, నిలువుగా, దాదాపు మనిషెత్తు ఉండేవి పాతవి. 4జీ దాకా పని నడిపింది అవే, ఇప్పటికీ నడుపుతున్నాయి. వాటి పక్కనే మీటరుకు లోపు ఎత్తుతో, కాస్త ఎక్కువ వెడల్పుతో, వేడి పోవడానికి వీపంతా లోహపు రెక్కలతో ఉండే దిట్టమైన పెట్టె 5జీది. పాత పెట్టె వట్టి యాంటెన్నా. దాన్ని నడిపే రేడియో విడిగా ఉంటుంది, మధ్యలో కేబుళ్లు ఉంటాయి. కొత్తదాంట్లో అన్నీ ఒకేచోట కుదురుకున్నాయి. ముందువైపు సాధారణంగా 192 చిన్న యాంటెన్నాలు, వాటి వెనక 64 లేదా 32 ట్రాన్స్‌మిటర్లు, అన్నే రిసీవర్లు.

ఈ పెట్టెను మాసివ్ మిమో అంటారు. అది చేసే పని బీమ్‌ఫార్మింగ్, అంటే సిగ్నల్‌ను అన్ని వైపులకూ చల్లకుండా కావలసిన ఫోన్ దగ్గర కూడగట్టడం. దీన్ని వివరించడానికి వాడే బొమ్మ ఎక్కడ చూసినా ఒకటే. టవర్ మీద నుంచి ఒక్కో ఫోన్‌కు ఒక్కో సన్నని రంగు గీత. బొమ్మ ముచ్చటగా ఉంటుంది గానీ అందులో నిజం సగమే. ఫోన్ ఏ దిక్కున ఉందో టవర్‌కు తెలియదు, తెలియాల్సిన పనీ లేదు. ఫోన్ మధ్యమధ్య పంపే ఓ చిన్న సంకేతాన్ని విని, దాన్నిబట్టి లెక్క కట్టుకుంటుంది. ఆ సంకేతం ఎంత స్పష్టంగా అందితే బీమ్ అంత పదునుగా వస్తుంది, అందకపోతే పెట్టెలో ఎన్ని యాంటెన్నాలున్నా దండగే. 5జీ ఒక వీధిలో దూసుకుపోయి పక్క వీధిలో నత్తనడక నడవడానికి చాలాసార్లు కారణం ఇక్కడే దొరుకుతుంది.

పికోసెకన్ల లెక్క

తప్పెటగుళ్లు చూసినవాళ్లకు ఇది ఇట్టే అర్థమవుతుంది. ఎనిమిది మంది ఒకే వరుసలో నిలబడి తప్పెటను ఒక్కసారిగా కొట్టారనుకుందాం. ఎదురుగా దూరంగా ఉన్న మనిషికి ఎనిమిది దెబ్బలూ కలిసి ఒకే పెద్ద దెబ్బగా వినపడతాయి. వరుసకు ఓ పక్కన ఉన్నవాడికి దగ్గరి దెబ్బ ముందు, దూరపు దెబ్బ తర్వాత చేరి మోత చెదిరిపోతుంది. ఆ పక్కవాడికే అన్నీ కలిసి వినపడాలంటే దూరంగా ఉన్న కళాకారుడు ముందుగా, దగ్గరున్నవాడు ఆఖరున కొట్టాలి. ఎవరూ నిలబడ్డ చోటు నుంచి కదలక్కర్లేదు, కొట్టే క్షణం మారితే చాలు.

యాంటెన్నాల దగ్గర ఆ తేడా ఎంత? మన దేశంలో 5జీకి ముఖ్యమైన బ్యాండ్ 3.3 నుంచి 3.67 గిగాహెర్ట్జ్. 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 8.6 సెంటీమీటర్లు. అడ్డంగా పక్కపక్కన ఉన్న యాంటెన్నాల మధ్య ఎడం అందులో సగం, 4.3 సెంటీమీటర్లు. బీమ్ 30 డిగ్రీలు పక్కకు తిరగాలంటే ఒక యాంటెన్నాకూ దాని పక్కదానికీ దారిలో వచ్చే తేడా 2.15 సెంటీమీటర్లు. కాలంలో చెప్పాలంటే 72 పికోసెకన్లు, అంటే సెకనును లక్ష కోట్ల ముక్కలు చేస్తే అందులో 72 ముక్కలు. అంత చిన్న ఆలస్యాన్ని పెట్టే బదులు తరంగం ఫేజ్‌ను, అంటే తన ఎత్తుపల్లాల చక్రంలో అది ఏ చోట ఉందన్నదాన్ని, మార్చేస్తారు. పూర్తి చక్రం 360 డిగ్రీలు. ఈ ఉదాహరణలో దారి తేడా సరిగ్గా పావు తరంగం, కాబట్టి మార్పు 90 డిగ్రీలు. మొదటి యాంటెన్నాకు సున్నా, రెండోదానికి 90, మూడోదానికి 180, నాలుగోదానికి 270, ఐదోదానికి మళ్లీ సున్నా. ఈ అంకెలు మారుస్తూ పోతే పెట్టె అంగుళం కదలకుండానే బీమ్ తిరుగుతుంది.

ఎడాన్ని సగం తరంగదైర్ఘ్యం దగ్గరే ఆపడానికి కారణం ఉంది. అంతకు బాగా పెంచితే, బీమ్‌ను ఓ పక్కకు తిప్పినప్పుడు అదే బలంతో మరో దిక్కున దొంగబీమ్ పుట్టుకొస్తుంది. పవర్ సగం అటు పోవడమే కాదు, అటున్న పక్క సెల్‌లోని, అంటే పక్క టవర్ పరిధిలోని, ఫోన్లకు గోల కూడా. ఎడాన్ని మరీ తగ్గిస్తే యాంటెన్నాలు ఒకదాని పవర్‌ను ఒకటి మింగడం మొదలుపెడతాయి. నిలువు దిశలో మాత్రం బీమ్‌ను పెద్దగా ఊపే అవసరం ఉండదు కాబట్టి 0.7 తరంగదైర్ఘ్యం దాకా ఎడం ఇచ్చినా నడిచిపోతుంది.

పెట్టె సైజు కూడా ఈ లెక్కలోంచే వచ్చింది. అడ్డంగా 8 వరసలు వేస్తే 34 సెంటీమీటర్లు, నిలువుగా 12 వేస్తే 72 సెంటీమీటర్లు. ఇదే అమరికను 700 మెగాహెర్ట్జ్‌లో కట్టాలంటే తరంగదైర్ఘ్యం 43 సెంటీమీటర్లు గనక పెట్టె ఒకటి ముప్పావు మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు అవుతుంది. తుపాన్లు వచ్చే తీరంలో అంత తలుపును టవర్‌కు బిగించే సాహసం ఎవరూ చేయరు. అందుకే 700లో రెండో నాలుగో యాంటెన్నాలతో సరిపెడతారు. ఆ బ్యాండ్ దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ బీమ్‌ల మహిమ అందులో లేదు. పల్లెలో ఫోన్ మీద 5జీ అని కనబడుతున్నా స్పీడు 4జీని తలపిస్తోందంటే మీరు 700 మీద ఉన్నారేమో అనుమానించాలి. 2022 వేలంలో ఆ బ్యాండ్ కొన్నది జియో ఒక్కటే. 26 గిగాహెర్ట్జ్‌ది దీనికి పూర్తిగా ఎదురు కథ. తరంగదైర్ఘ్యం సెంటీమీటరున్నర కూడా లేదు, వందల యాంటెన్నాలు అరచేతిలో పడతాయి, కానీ ఓ గోడ అడ్డొస్తే సిగ్నల్ అక్కడితో సరి. మన జిల్లాల్లో దాని గురించి ఇప్పుడే తలబద్దలు కొట్టుకోనక్కర్లేదు.

బీమ్ ఎంత సన్నగా ఉంటుందన్నది అడ్డంగా ఎన్ని వరసలున్నాయన్న దాన్నిబట్టి ఉంటుంది. 8 వరసలకు ఎదురుగా చూసినప్పుడు వెడల్పు దాదాపు 13 డిగ్రీలు. 200 మీటర్ల దూరంలో అది 45 మీటర్లు పరుచుకుంటుంది, కిలోమీటరు దగ్గర 220 మీటర్లు. అంటే అది ఒక ఫోన్ మీద పడే గీత కాదు, ఓ వీధిని కప్పే దుప్పటి. బీమ్‌ను 60 డిగ్రీలు పక్కకు లాగితే వెడల్పు రెట్టింపవుతుంది, బలమూ తగ్గుతుంది. టవర్ మీద రెండు పెట్టెల చూపుకు మధ్యన పడిన ఇంట్లో స్పీడు అంతంతమాత్రంగా ఉంటుందంటే ఇదొక కారణం.

64 గొప్పా, 32 గొప్పా

192 యాంటెన్నాలకు 64 ట్రాన్స్‌మిటర్లు ఎలా సరిపోతాయి? నిలువు వరసలో మూడేసి యాంటెన్నాలను ఒకే ట్రాన్స్‌మిటర్‌కు కలిపేస్తారు. నిలువుగా 12ను మూడుతో భాగిస్తే 4, అడ్డంగా 8, ఒక్కోచోట ఎడమకు 45 డిగ్రీలు, కుడికి 45 డిగ్రీలు వాలిన రెండు పోలరైజేషన్లు (తరంగం ఊగే దిశలు), అంటే ఒక్కోచోట రెండు యాంటెన్నాలు. మొత్తం 64. ఇదే 192ను ఆరేసి చొప్పున కలిపితే 32 అవుతుంది. గమనించాల్సిందేమిటంటే, అడ్డంగా రెండింటిలోనూ 8 వరసలే. 64కూ 32కూ ఉన్న తేడా అంతా నిలువు దిశలో బీమ్‌ను తిప్పే స్వేచ్ఛలో ఉంది.

ఆ స్వేచ్ఛ మన దగ్గర ఎంత పనికొస్తుంది? 30 మీటర్ల టవర్ మీద నుంచి చూస్తే 100 మీటర్ల దూరంలో ఉన్న మనిషి 17 డిగ్రీలు కిందికి, 300 మీటర్ల దగ్గరున్నవాడు 5.7 డిగ్రీలు, కిలోమీటరు దగ్గరున్నవాడు 1.7 డిగ్రీలు. ఎచ్చెర్ల, రణస్థలం మీదుగా పోయే హైవే పక్క ఊళ్లు తీసుకోండి. నేల చదును, ఇళ్లు ఒకటి రెండు అంతస్తులు. 300 మీటర్ల నుంచి కిలోమీటరున్నర దాకా ఉన్న జనమంతా నాలుగున్నర డిగ్రీల పట్టీలో ఇమిడిపోతారు. నిలువు దిశలో బీమ్ వెడల్పే 6, 7 డిగ్రీలు. ఇక పైకీ కిందికీ తిప్పి విడదీయడానికి ఏముంది? పదిహేను అంతస్తుల అపార్టుమెంట్లున్న విశాఖలో 64 డబ్బుకు తగ్గ పని చేస్తుంది. చదును ఊళ్లలో 32 పెట్టె తేలిక, చవక, కరెంటు తక్కువ తాగుతుంది, ఇచ్చే స్పీడులో తేడా స్వల్పం. మా ఊళ్లో 32దే పెట్టారని చిన్నబుచ్చుకోనక్కర్లేదు.

కరెంటు మాట వచ్చింది గనక: 64 పెట్టె నిండు లోడు మీద సుమారు కిలోవాట్ లాగుతుంది. ప్రతి రిసీవర్ విన్న సిగ్నల్ నమూనాలనూ ఉన్నవి ఉన్నట్టు కింది గదికి పంపాలంటే 100 మెగాహెర్ట్జ్ వెడల్పుకు సెకనుకు 260 గిగాబిట్ల దాకా ఫైబర్ కావాలి. అది కుదిరే పని కాదు. అందుకే బీమ్ లెక్కలు చేసే చిప్‌లను కూడా పెట్టెలోనే పెట్టి, కిందికి 25 గిగాబిట్ల ఫైబర్‌తో సరిపెడతారు. పెట్టె వేడెక్కడానికి ఈ చిప్‌లది కూడా ఓ చేయి.

ఫోన్ పలికేది, టవర్ వినేది

ఇప్పుడు అసలు సంగతి. 3.5 గిగాహెర్ట్జ్ బ్యాండ్‌లో టవర్, ఫోన్ ఒకే ఫ్రీక్వెన్సీని వంతులవారీగా వాడుకుంటాయి. ఎక్కువగా కనిపించే అమరిక రెండున్నర మిల్లీసెకన్లది. అర మిల్లీసెకను స్లాట్లు ఐదు. మొదటి మూడూ టవర్‌వి, నాలుగోది మారే మలుపు, ఐదోది ఫోన్లది. ఆ మలుపు స్లాట్ చివర్లో ఫోన్ ముందే ఒప్పుకున్న ఓ సంకేతాన్ని పంపుతుంది. దాని పేరు ఎస్‌ఆర్‌ఎస్, సౌండింగ్ రిఫరెన్స్ సిగ్నల్. అందులో సమాచారం ఏమీ ఉండదు, నేనిక్కడున్నాను అని గొంతు వినిపించడమే.

ఆ ఒక్క గొంతు 64 రిసీవర్లకు 64 రకాలుగా చేరుతుంది. ఒకదానికి కాస్త బలంగా, ఇంకోదానికి కాస్త ఆలస్యంగా. టవర్ ఆ 64 ఫేజ్‌లనూ రాసుకుని, గుర్తు తిరగేసి, పంపే డేటాకు అద్దుతుంది. గాలిలో తరంగం వచ్చిన దారినే వెనక్కీ పోతుంది కాబట్టి ఆ 64 తరంగాలూ ఫోన్ దగ్గరికి చేరేసరికి ఒకే ఫేజ్‌లో కలుస్తాయి. ఎక్కడా కోణం కొలవలేదు, దిక్కు వెతకలేదు.

ఉద్దానం కొబ్బరితోటల మధ్య ఓ ఇంట్లో ఉన్న ఫోన్‌ను తీసుకోండి. దాని గొంతు నేరుగా కొంత, పక్క డాబా గోడకు తగిలి కొంత, వాటర్ ట్యాంకు మీద పడి కొంత టవర్‌కు చేరుతుంది. టవర్ తిరిగి పంపేటప్పుడు ఆ మూడు దారుల్లోనూ తగిన పాళ్లలో పవర్ పోతుంది, మూడూ ఫోన్ దగ్గర కలుస్తాయి. పైనుంచి చూడగలిగితే ఒక గీత కనిపించదు, వంకరటింకర రేకులున్న పువ్వు ఆకారం కనిపిస్తుంది. ప్రచార బొమ్మ తప్పేది ఇక్కడే.

పంపే ఫ్రీక్వెన్సీ, వినే ఫ్రీక్వెన్సీ వేరువేరుగా ఉండే పాత 4జీ బ్యాండ్లలో చాలావాటికి ఈ కిటుకు పనిచేయదు. అక్కడ టవరే పరీక్ష సంకేతాలు పంపుతుంది, ఫోన్ వాటిని కొలిచి, ముందే అచ్చేసి పెట్టిన పట్టికలో ఫలానా నంబరు బీమ్ నాకు బాగుంది అని జవాబిస్తుంది. కుట్టించిన చొక్కాకు బదులు రెడీమేడ్ అన్నమాట. 3.5లో కూడా ఎస్‌ఆర్‌ఎస్ సరిగా వినపడనప్పుడు టవర్ ఈ పట్టికకే దిగుతుంది.

దారి గాలిలో ఒకటే అయినా పెట్టె లోపల ఒకటి కాదు. పంపే వైపు యాంప్లిఫయర్లు, వినే వైపు ఇంకో రకం యాంప్లిఫయర్లు, ఫిల్టర్లు. ఒక్కోదానిదీ ఒక్కో ఫేజ్, పైగా మే నెల ఎండకు ఒకటి, డిసెంబరు తెల్లవారుజామున ఒకటి. అందుకని పెట్టె తనలో తానే పరీక్ష సంకేతం పంపుకుని, 64 జతల తేడాలనూ కొలిచి, సరిచేసుకుంటూ ఉంటుంది. దీన్ని కాలిబ్రేషన్ అంటారు. ఇది చెడినా బీమ్ వెంటనే కూలిపోదు, గమ్మత్తు అక్కడే ఉంది. ఫేజ్‌లు ఇష్టం వచ్చినట్టు 30 డిగ్రీల మేర తప్పినా బీమ్ బలం తగ్గేది 1.2 డెసిబెల్, అంటే దాదాపు పావు వంతు. 64 ట్రాన్స్‌మిటర్లలో 8 చచ్చిపోయినా తగ్గేది అంతే. ఏ వాడకందారూ గమనించడు. పోయేది మరోటి.

ఒకే క్షణంలో, ఒకే ఫ్రీక్వెన్సీ మీద పలువురికి వేరువేరు డేటా పంపడం ఈ పెట్టె అసలు ఘనత. దానికి ఒకరి బీమ్ ఇంకొకరి ఫోన్ దగ్గర సున్నా కావాలి. 64 తరంగాలు ఒకచోట కలవాలి, అదే సమయంలో మరో పది చోట్ల ఒకదాన్నొకటి పూర్తిగా కొట్టేసుకోవాలి. కలపడం మొరటు పని, చిన్న తప్పులున్నా నడుస్తుంది. కొట్టేయడం కంసాలి పని. ఫేజ్ కాస్త తప్పితే సున్నా నిండిపోతుంది, పక్కవాడి డేటా మీ ఫోన్‌లోకి రొదగా వచ్చి పడుతుంది. కాలిబ్రేషన్ చెడిన సైట్ లక్షణం ఇది: అర్ధరాత్రి స్పీడు బ్రహ్మాండం, సాయంత్రం ఏడింటికి జనం పెరగ్గానే దెబ్బతింటుంది, బార్లు మాత్రం రెండు వేళలా నిండుగా. దాన్ని రద్దీ అని కొట్టిపారేస్తే తప్పు ఎప్పటికీ బయటపడదు.

ఎక్కడెక్కడ బెడిసికొడుతుంది

మొదటిది దూరం. పెట్టె పంపే పవర్ 200 వాట్లు, ఫోన్ మామూలుగా పంపగలిగింది 200 మిల్లీవాట్లు. వెయ్యి రెట్ల తేడా. యాంటెన్నాలు ఇచ్చే లాభం రెండు వైపులకూ ఒకటే కాబట్టి ఈ వెయ్యి రెట్లు అలాగే మిగిలిపోతాయి. ఊరి శివార్లలో టవర్ మాట ఫోన్‌కు ఇంకా బాగా వినిపిస్తూనే ఉంటుంది, ఫోన్ ఎస్‌ఆర్‌ఎస్ మాత్రం టవర్ దగ్గర రొదలో మునిగిపోతుంది. బీమ్ ఎక్కడ ఎక్కువ అవసరమో అక్కడే అది గుడ్డిదవుతుంది. అలాంటిచోట పెట్టెకు ఇంకో 64 యాంటెన్నాలు తగిలించడం కన్నా ఫోన్‌ను కిటికీ దగ్గరకు తేవడం ఎక్కువ పని చేస్తుంది.

రెండోది వేగం. హౌరా-చెన్నై లైను పలాస, ఆమదాలవలస, చీపురుపల్లి, విజయనగరం మీదుగా పోతుంది. 110 కిలోమీటర్ల వేగంతో పోయే బండిలో ఫోన్ సగం తరంగదైర్ఘ్యం, అంటే ఆ 4.3 సెంటీమీటర్లు, దాటడానికి పట్టేది 1.4 మిల్లీసెకన్లు. ఆమేరకు కదిలితే చుట్టూ తగిలి వచ్చే తరంగాల కూర్పు మారిపోతుంది. ఎస్‌ఆర్‌ఎస్ వచ్చేది పదికో ఇరవై మిల్లీసెకన్లకో ఒకసారి. టవర్ దగ్గరున్న లెక్క ఎప్పుడూ చద్దిదే. నడిచే మనిషికి అదే దూరం దాటడానికి 30 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఇబ్బంది లేదు. రైల్లో మొత్తం బీమ్ పోదు. టవర్ ఎదురుగా కనిపిస్తుంటే ప్రధాన దిక్కు అంత త్వరగా మారదు, వెడల్పాటి బీమ్ పనిచేస్తుంది. పోయేది ఇందాక చెప్పిన సున్నాలు. అందుకే వేగంగా కదిలే ఫోన్లను టవర్ ఇతరులతో జతకట్టకుండా విడిగా చూసుకుంటుంది.

మూడోది జనం. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఉన్న రోడ్డును ఊహించుకోండి. ఆ రద్దీ కోసం తాత్కాలికంగా చక్రాల మీది టవర్ తెచ్చి పెట్టాలి. ఎక్కడ పెట్టాలి? రోడ్డు ఒక చివర పెట్టి, పొడవునా చూసేలా తిప్పితే అందరికీ కనిపిస్తుంది కదా అనిపిస్తుంది. అదే పొరపాటు. అలా పెడితే రోడ్డు మీది వేల ఫోన్లూ పెట్టె కంటికి ఒకే దిక్కున, 13 డిగ్రీల ఒకే బీమ్‌లో పడతాయి. 64 ఉన్నా వాళ్లను విడదీయలేదు, ఒకరి తర్వాత ఒకరికి వంతు ఇవ్వడమే. అదే పెట్టెను రోడ్డుకు పక్కన, మధ్యలో, కొంచెం ఎడంగా ఏదైనా మేడ మీద నుంచి అడ్డంగా చూసేలా పెడితే జనం అటు 50 డిగ్రీలు, ఇటు 50 డిగ్రీలు పరుచుకుంటారు. ఏడెనిమిది బీమ్‌లు ఒకేసారి నడుస్తాయి. పెట్టె అదే, ఖర్చు అదే, దొరికే సామర్థ్యంలో కొన్ని రెట్ల తేడా. రథసప్తమికి అరసవల్లి క్యూలైన్ల దగ్గరైనా ఇదే సూత్రం.

అయితే జతకట్టే కొద్దీ పవర్ పంచుకోవాలి. 16 డేటా ధారలు ఒకేసారి పంపితే ఒక్కోదానికి దక్కేది పదహారో వంతు, అంటే 12 డెసిబెల్ తక్కువ. దగ్గరున్నవాళ్లు ఓర్చుకుంటారు, దూరంవాళ్లు ఓర్చుకోలేరు. ఇంకో చిక్కు: ఎస్‌ఆర్‌ఎస్‌కు ఉన్న చోటు పరిమితం. ఫోన్‌కు వినే యాంటెన్నాలు నాలుగుంటే నాలుగింటి తరఫునా వంతులవారీగా పలకాలి. ఫోన్లు వేలల్లో ఉంటే వంతు వచ్చేసరికి ఆలస్యమవుతుంది, చాలామందికి అసలు వంతే దొరకదు. వాళ్లంతా రెడీమేడ్ పట్టిక మీదే.

నాలుగోది చెట్లు. దట్టమైన ఆకుల్లో 10 మీటర్లు చొచ్చుకుపోతే 3.5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ సుమారు 6 డెసిబెల్ పడిపోతుందనీ, 30 మీటర్లకు 14 దాకా పోతుందనీ ఇంజనీర్లు వాడే లెక్క చెబుతుంది. జీడిమామిడి తోపుల్లో, కొబ్బరితోటల్లో 30 మీటర్లంటే ఎంత, నాలుగు వరసలు. నష్టం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చు. సముద్రపు గాలికి మట్టలు ఊగుతుంటే ఫోన్ బల్ల మీద కదలకుండా ఉన్నా దారి మారిపోతూ ఉంటుంది. రైల్లో వచ్చిన చద్ది లెక్కల బాధే ఇక్కడ మెల్లగా వస్తుంది.

ఐదోది మన తీరానికి తగ్గది. నీటి మీద తేమ గాలి, దాని మీద పొడి గాలి పొరలుగా నిలిచిన వేళల్లో రేడియో తరంగాలు నేల వంపును అనుసరించి వంద కిలోమీటర్లకు పైగా పోగలవు. ఎక్కడో దూరపు టవర్ తన వంతులో పంపింది ఆలస్యంగా ఇక్కడికి చేరేసరికి ఇక్కడ ఫోన్ల వంతు నడుస్తూ ఉంటుంది. రెండు వంతుల మధ్య వదిలే ఖాళీ రెండు సింబళ్లయితే (సింబల్ అంటే స్లాట్‌లోని చిన్న కాలపు ముక్క) 71 మైక్రోసెకన్లు, దూరంలో 21 కిలోమీటర్లు. అంతకు మించి వచ్చిందంతా నేరుగా ఎస్‌ఆర్‌ఎస్ మీద పడుతుంది. ఫోన్‌కు చేరే టవర్ సిగ్నల్ నిండుగానే ఉంటుంది, స్పీడు మాత్రం పొద్దెక్కేదాకా కోలుకోదు. టవర్ల గడియారాలు కలవకపోయినా ఇదే జరుగుతుంది. పక్కపక్క టవర్ల మధ్య తేడా 3 మైక్రోసెకన్లు దాటకూడదు. తుపానులో ఒక సైట్ జీపీఎస్ యాంటెన్నా కేబుల్‌లో నీరు దిగితే, ఆ సైట్ బాగానే ఉన్నట్టు కనిపిస్తూ చుట్టుపక్కలవాటి చెవులు మూసేస్తుంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. అలాంటి గాలి తర్వాత టవర్ నిలబడి ఉందో లేదో చూస్తే సరిపోదు. పెట్టె బిగింపు మూడు డిగ్రీలు కిందికి జారినా, 6 డిగ్రీల నిలువు బీమ్‌లో సగం పోయినట్టే. టిల్ట్‌ను, అంటే పెట్టె వాలును, మీటర్ పెట్టి కొలవాలి, కంటితో తేలదు.

ఈ పెట్టెలకు పునాది వేసిన బెల్ ల్యాబ్స్ శాస్త్రవేత్త థామస్ మార్జెట్టా 2010లోనే ఓ లెక్క తేల్చారు. టవర్ మీద యాంటెన్నాలను అనంతంగా పెంచుకుంటూ పోతే రొద పోతుంది, హెచ్చుతగ్గులు పోతాయి. చివరికి ఒక్క అడ్డంకి మిగులుతుంది: పక్క సెల్‌లో ఎవరో ఇదే పరీక్ష సంకేతం పంపితే ఇద్దరి గొంతులూ కలిసిపోవడం. కలిసిన గొంతును నమ్ముకుని తయారైన బీమ్ సగం పక్క ఊరి ఫోన్ మీదికి పోతుంది. అనంతమైన యాంటెన్నాలు కూడా వినికిడి లోపాన్ని పూడ్చలేవన్నమాట.

బార్లను నమ్మొచ్చా

ఫోన్ మీద కనిపించే బార్లు డేటా బీమ్‌వి కావు. టవర్ తన ఉనికి చాటడానికి 20 మిల్లీసెకన్లకోసారి పంపే ప్రకటన సంకేతాన్ని ఫోన్ కొలిచి బార్లు చూపిస్తుంది. ఈ బ్యాండ్‌లో ఆ ప్రకటనకు గరిష్ఠంగా 8 వెడల్పాటి బీమ్‌లు వాడొచ్చు. కొన్ని సైట్లలో ఒక్కటే ఉంటుంది. మీ కోసం కట్టిన డేటా బీమ్ దానికన్నా చాలా బలంగా ఉండొచ్చు. రెండు బార్లతో 300 ఎంబీపీఎస్, నాలుగు బార్లతో 40 రావడం వింతేమీ కాదు. రెండోచోట జనం ఎక్కువ కావచ్చు, ఎస్‌ఆర్‌ఎస్ మీద రొద కావచ్చు.

ఈ పెట్టెకు అన్నిటికన్నా నచ్చే వాడకందారు జేబులోని ఫోన్ కాదు, ఇంటి మీద బిగించిన ఎయిర్‌ఫైబర్ డబ్బా, అంటే కేబుల్ లేకుండా 5జీ మీదే ఇంటికి ఇంటర్నెట్ ఇచ్చేది. అది కదలదు, గోడ బయట ఉంటుంది, దాని యాంటెన్నా టవర్ వైపే చూస్తుంది. అందుకని ఎస్‌ఆర్‌ఎస్ స్పష్టంగా, నిలకడగా చేరుతుంది. బిగించేటప్పుడు చూసుకోవాల్సింది చెట్లను. కిలోమీటరు దూరంలో టవర్ ఉంటే దారి సరిగ్గా మధ్యలో తరంగం ఆక్రమించే గొట్టం వ్యాసార్థం 4.6 మీటర్లు, అందులో అరవై శాతం, అంటే దాదాపు 2.8 మీటర్లు, ఖాళీగా ఉండాలి. టవర్ కంటికి కనిపిస్తోంది కదా అని కొబ్బరి తలలను రాసుకుంటూ పోయే దారిని ఎంచుకుంటే గాలి వీచే మధ్యాహ్నాల్లో స్పీడు ఊగుతుంది. పిట్టగోడ మీద బిగించే బదులు రెండు మీటర్ల జీఐ పైపు వేసి ఎత్తడం, లేదా అదే డాబాకు రెండో మూలకు మార్చడం ముందు ప్రయత్నించండి. బిగించే మనిషి యాప్‌లో బార్లతో పాటు ఎస్‌ఐఎన్‌ఆర్ అనే అంకె ఉంటుంది, సిగ్నల్ రొద కన్నా ఎంత పైన ఉందో చెప్పేది అదే. డబ్బాను పది డిగ్రీల చొప్పున తిప్పుతూ, ఒక్కోచోట ఓ నిమిషం ఆగి, అది 20 దాటే దిక్కున బిగించమనండి. రెండు దిక్కులు సమానంగా వస్తే అప్‌లోడ్ ఎక్కువ వచ్చే దిక్కును ఎంచుకోండి.